పెళ్లిళ్లలో వదిలే స్కై లాంతర్లను నిషేధించాలా? గడ్డివాములున్న ఊళ్ల వారు, చట్టం తెలిసిన వారు చెప్పగలరు

ప్రశ్న: డెల్టా రైతు

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. ఎనిమిది ఎకరాల వరి, నాలుగు గేదెలు, తాటాకు కప్పిన ఒక పశువుల పాక, దాని పక్కనే రెండు గడ్డివాములు ఉన్న ఇల్లు మాది. ఊరికి కిలోమీటరున్నర దూరంలో, బైపాస్ రోడ్డు మీద, కొన్నేళ్ల క్రితం ఒక ఫంక్షన్ హాలు వచ్చింది. గత మాఘమాసంలో అక్కడ జరిగిన ఒక పెళ్లిలో, రాత్రి పదిన్నర ప్రాంతంలో, వధూవరులతో పాటు బంధువులందరూ కలిసి స్కై లాంతర్లు, అంటే కింద మైనం వెలిగిస్తే వేడిగాలికి పైకి ఎగిరే కాగితపు దీపాలు, వదిలారు. మా అరుగు మీద కూర్చుని చూస్తుంటే కన్నులపండువగానే ఉందని ఒప్పుకోవాలి. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దాటాక లెక్క తప్పారు. కాసేపటికి వాటిలో ఒకటి, ఇంకా ఆరకుండానే, మా పాక కప్పు మీద దిగింది.

మా నాన్నగారు అప్పటికి నిద్రపోలేదు కాబట్టి, గేదెల తొట్టిలో నీళ్లుండబట్టి, తడిపిన గోనెసంచితో నిచ్చెన ఎక్కి ఆర్పగలిగారు. రెండు చేతుల వెడల్పున తాటాకు కాలింది, అంతే. మర్నాడు ఉదయం చేలో తిరిగి చూస్తే మరో ఐదు చట్రాలు దొరికాయి. ఒకటి మినప చేలో, ఒకటి పంట కాలువలో, రెండు గట్ల మీద, ఇంకొకటి సరిగ్గా గడ్డివాము నెత్తి మీద ఉన్నాయి. వాము మీద పడింది గాలిలోనే ఆరిపోయి ఉండాలి. అన్నిటికీ వెదురు బద్ద చట్రమే ఉన్నా, మధ్యలో మైనపు ముద్దను పట్టి ఉంచడానికి అడ్డంగా సన్నని ఇనుప తీగ కట్టారు. ఒకదానికి మాత్రం చట్రం మొత్తం తీగే.

ఫంక్షన్ హాలు వారిని అడిగితే, "మా ఆవరణలో ఏ ప్రమాదమూ జరగలేదు కదండీ" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, అదే నన్ను ఎక్కువగా బాధించింది. పెళ్లివారిని అడుగుదామంటే వారు ఏ ఊరివారో తెలియదు, ఏ లాంతరు ఎవరి చేతిలోంచి వెళ్లిందో వారికే తెలియదు.

నా ప్రశ్న ఇది. వీటిని పూర్తిగా నిషేధించమని కోరడం న్యాయమేనా, లేక ఏడాదికి నాలుగు రాత్రులు జరిగే వేడుక మీద పల్లెటూరి వాడి అతిభయమా? మా ఊళ్లోనే ఒక పెద్దాయన, "కోతయ్యాక మనం వరికొయ్యలు తగలబెట్టుకోవడం లేదా, పెళ్లివారిని అనడానికి మనకేం హక్కుంది" అన్నారు. దానికి వెంటనే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

సమాధానం: కార్డిఫ్ వాసి

డెల్టా రైతు గారూ, నేను పన్నెండేళ్లుగా బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ గొర్రెల పెంపకం పెద్ద వృత్తి కావడంతో ఈ వాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది. వేల్స్‌లో ఉన్న 22 స్థానిక కౌన్సిళ్లూ 2018 నాటికి తమ సొంత స్థలాల నుంచి స్కై లాంతర్లు వదలడాన్ని నిషేధించాయి. వినడానికి ఇది దేశవ్యాప్త నిషేధంలా ఉంటుంది కానీ, కౌన్సిల్ స్థలం వరకే దాని అధికారం. పక్కనే ఉన్న ప్రైవేటు పొలంలోంచో హోటల్ తోటలోంచో వదిలితే ఆ నిబంధన వర్తించదు. మీ ఫంక్షన్ హాలు ఇక్కడ ఉండి ఉంటే అది కూడా ప్రైవేటు స్థలమే కాబట్టి, ఆ 22 తీర్మానాలూ మీ పాకను కాపాడేవి కావు. అందుకే ఇక్కడి రైతు సంఘాలు, జంతు సంక్షేమ సంస్థలు దేశం మొత్తానికీ వర్తించే చట్టం కావాలని అడుగుతూ వస్తున్నాయి.

ఇక్కడి వారికి మంట ఎంత దూరం పోతుందో అర్థమయ్యేలా చేసిన సంఘటన మాత్రం పల్లెలో జరగలేదు. 2013 జూన్ 30 రాత్రి, బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో, రీసైక్లింగ్ కోసం నిల్వ చేసిన ప్లాస్టిక్, కాగితం కట్టల మీద ఒక లాంతరు దిగింది. అది దిగడం సీసీ కెమెరాలో స్పష్టంగా రికార్డయింది. అక్కడ ఉన్న సరుకు దాదాపు లక్ష టన్నులు. 200 మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది రావలసి వచ్చింది. ఆ దృశ్యం టీవీలో వచ్చాక కొన్ని దుకాణాల సంస్థలు లాంతర్ల అమ్మకం తమంతట తామే ఆపేశాయి. లాంతరు ఎవరిదో కెమెరా కూడా చెప్పలేకపోయింది. ఎక్కడ పడిందో తెలిసింది గానీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. మీ సమస్య కూడా సరిగ్గా అదే కదా.

నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. అదే 2013లో బ్రిటన్ ప్రభుత్వం, వేల్స్ ప్రభుత్వం కలిసి ఒక అధ్యయనం చేయించాయి. పశువులకు, పర్యావరణానికి కలిగే హాని మొత్తం మీద తక్కువేనని, అగ్నిప్రమాదపు ముప్పు మాత్రం పట్టించుకోదగినదని ఆ నివేదిక తేల్చింది. నిషేధం కోరేవారు మొదటి సగాన్ని, అమ్మేవారు రెండో సగాన్ని మరిచిపోయి దాన్ని ఉదహరిస్తుంటారు. తీరప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రం మీదుగా పోయే ఎర్రని లాంతర్లను చూసి, ఆపదలో ఉన్న పడవ వదిలిన సంకేతం అనుకొని, ఇక్కడి కోస్ట్‌గార్డ్ వారు గాలింపునకు వెళ్లిన సందర్భాలు చాలా ఉన్నాయి. వేటకు వెళ్లేవారున్న మన కోస్తా ఊళ్లలో కూడా దీన్ని ఆలోచించుకోవచ్చు.

సమాధానం: పెళ్లి అలంకరణ

నేను పదిహేనేళ్లుగా పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు అలంకరణ పనులు చేయిస్తున్నాను. స్కై లాంతర్లు నేనూ తెప్పించి ఇచ్చినవాడినే కాబట్టి, నిందలో నా వంతు నాకు రావలసిందే. అయినా పూర్తి నిషేధం అన్నప్పుడు నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి.

దీపావళికి తారాజువ్వలు వామి మీద పడి తగలబడిన వార్తలు మనం ఏటా చదువుతాం. పెళ్లి ఊరేగింపులో కాల్చే ఔట్లు పూరిళ్ల సందుల్లోంచే పోతాయి. వాటిని ముట్టుకోకుండా లాంతర్లను మాత్రమే నిషేధించమనడం, కొత్తది కాబట్టి, దాని వెనుక పెద్ద వ్యాపారం లేదు కాబట్టి దాని మీద పడటమే అవుతుంది. ఒక లాంతరు ఖరీదు ఒక ప్లేటు టిఫిన్ కన్నా పెద్దగా ఎక్కువ ఉండదు. అమ్మేవారు కూడా చాలావరకు చిన్న ఫ్యాన్సీ షాపులవారే.

అయితే పని చేసే చోట నేను చూసింది కూడా చెబుతాను. లాంతరు సరిగా లేవాలంటే ఇద్దరు దాన్ని పట్టుకొని, మైనం అంటుకున్నాక సంచి నిండా వేడిగాలి పట్టే వరకు, అది తనంతట తాను పైకి లాగుతున్నట్టు చేతికి తెలిసే వరకు ఆగాలి. ఒక నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు పడుతుంది. కానీ పెళ్లిలో ఎవరు ఆగుతారు? పైన డ్రోన్ తిరుగుతుంటుంది, వీడియో తీసేవారు "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ ఒకేసారి వదలాలి. సగం గాలి నిండిన లాంతరు పక్కకు వాలుతుంది, కాగితం అంటుకుంటుంది, మండుతూనే కింద పడుతుంది. మంచు పట్టిన రాత్రుల్లో కాగితం తడిసి బరువెక్కి ఇంకా తొందరగా దిగుతుంది. నేను చేయించిన కార్యక్రమాల్లో ఇరవై వదిలితే రెండు మూడు ఇలా ఆవరణలోనే పడేవి, వాటిని తొక్కి ఆర్పడానికి నా కుర్రాళ్లు సిద్ధంగా ఉండేవారు. గోడ దాటి పోయినవాటి గురించి నేను ఏనాడూ ఆలోచించలేదు. మీ ప్రశ్న చదివాక ఆలోచిస్తున్నాను.

నా సూచన ఏమిటంటే, నిషేధం బదులు తీగ లేని లాంతర్లనే అమ్మాలని, గాలి ఉన్న రోజు వదలకూడదని, ముందుగా అనుమతి తీసుకోవాలని నిబంధన పెట్టవచ్చు. ఈ మధ్య కొందరు బ్యాటరీ దీపం పెట్టిన బెలూన్లను దారంతో కట్టి ఎగరేస్తున్నారు. ఫోటోలో తేడా పెద్దగా తెలియదు.

సమాధానం: విశ్రాంత అగ్నిమాపక అధికారి

పెళ్లి అలంకరణ గారు నిజాయితీగా రాశారు, సంతోషం. కానీ తారాజువ్వతో పోలిక దగ్గర ఆయనతో విభేదిస్తున్నాను. తారాజువ్వ కొన్ని క్షణాల్లో కాలిపోతుంది, వెలిగించిన వీధిలోనో పక్క వీధిలోనో పడుతుంది. అందుకే ఏదైనా అంటుకుంటే వెలిగించినవాడే మొదట పరుగెత్తుతాడు. లాంతరు నిమిషాల తరబడి మండుతూ కొన్ని వందల మీటర్ల ఎత్తుకు పోతుంది, అక్కడి గాలి కింద మనకు తెలిసే గాలి కాదు, దిగేటప్పటికి అది వేరే ఊళ్లో ఉంటుంది. వెలిగించినవారు ఆ సమయానికి భోజనాల బంతిలో కూర్చుని ఉంటారు. డెల్టా రైతు గారి ఊరి పెద్దాయన చెప్పిన వరికొయ్యల మాటకు కూడా ఇదే జవాబు. కొయ్యలు తగలబెట్టడం తప్పే, దాన్ని సమర్థించను. కానీ అక్కడ రైతు తన మంట పక్కన తానే నిలబడి ఉంటాడు, గట్టు దాటితే పొరుగువాడు అతని ఇంటికే వస్తాడు. లాంతరు విషయంలో రావడానికి ఇల్లే తెలియదు.

నా సర్వీసులో ఎక్కువ భాగం పల్లె ప్రాంతపు కేంద్రాల్లోనే గడిచింది. గడ్డివాము అంటుకుంటే పై మంట ఆర్పడంతో పని అయిపోదు. లోపల రోజంతా రాజుకుంటూనే ఉంటుంది, వామి మొత్తం పాయలు పాయలుగా తీసి తడపాలి, తీసిన గడ్డి మరి పశువుకు పనికిరాదు. ఫైరింజన్ ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చేసరికి మేము చేసేది చాలాసార్లు పక్క ఇళ్లను కాపాడటమే. మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు సరిగ్గా ఊరంతా వాములు వేసి ఉన్న రోజుల్లోనే వస్తాయి. అదే రోజుల్లో గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కల్లాల్లో ఆరబోసి ఉంటుంది, జిన్నింగు మిల్లుల ఆవరణల్లో పత్తి గుట్టలుగా ఉంటుంది. నల్లమలలో ఆకు రాలి, ఫిబ్రవరి నుంచి మే దాకా అటవీ సిబ్బంది నేల మీది మంటలతోనే సతమతమవుతుంటారు. అలాంటి అడవి అంచున ఒక రిసార్టులో ఇరవై లాంతర్లు వదిలితే ఏ అనుమతి పత్రం దాన్ని సురక్షితం చేయగలదు?

ఇక చట్టం సంగతి. నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఇతరులకు ముప్పు తెస్తే, పాత శిక్షాస్మృతిలో 285వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 287వ సెక్షన్ వర్తిస్తాయి. ఆరు నెలల వరకు శిక్ష ఉంది. ఉన్నా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఫలానా వ్యక్తి వదిలిన లాంతరే ఫలానా పాక మీద పడిందని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ముంబై పోలీసులు వీటి మీద నిషేధ ఉత్తర్వులు ఇస్తూ వచ్చారు. అవి పూర్వం 144వ సెక్షన్ అని మనం పిలుచుకున్న అధికారం కింద ఇచ్చేవి, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఆ ఉత్తర్వు సాధారణంగా రెండు నెలలకు మించి అమలులో ఉండదు కాబట్టి మళ్లీ మళ్లీ ఇవ్వవలసి వస్తుంది. మీ జిల్లా కలెక్టరు గారికి కూడా ఆ అధికారం ఉంది. మాఘమాసానికి ముందు ఒక ఉత్తర్వు కోరడం చేయదగిన పనే, కానీ అది ఆ సీజను వరకే.

నిషేధం అంటూ పెడితే అది వదలడం మీద కాదు, అమ్మకం మీద ఉండాలన్నది నా స్థిరమైన అభిప్రాయం. కారణం జర్మనీలో జరిగింది. 2009లో జీగెన్ పట్టణంలో లాంతరు వల్ల ఇంటికి నిప్పంటుకొని పదేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ ఏడాదే ఆ పట్టణం ఉన్న రాష్ట్రంలో లాంతర్లు వదలడాన్ని నిషేధించారు. అదే రాష్ట్రంలో, నిషేధం వచ్చి పదేళ్లు దాటాక, 2020 నూతన సంవత్సరపు రాత్రి క్రేఫెల్డ్ జంతుప్రదర్శనశాలలో కోతిజాతి జంతువుల భవనం మీద లాంతరు పడి, ఒరాంగుటాన్లు, గొరిల్లాలతో సహా ముప్పైకి పైగా జంతువులు చనిపోయాయి. రెండు చింపాంజీలు మాత్రం బతికాయి. మర్నాడు ఒక తల్లి, ఇద్దరు కూతుళ్లు తమంతట తామే పోలీసుల దగ్గరకు వెళ్లి, లాంతర్లు వదిలింది తామేనని చెప్పారు. వాటిని ఇంటర్నెట్‌లో కొన్నామని, అవి నిషిద్ధమని తెలియదని వారి మాట. అంగట్లో దొరికే వస్తువు వాడటం నేరమంటే ఎవరికి తడుతుంది? బ్రెజిల్ వారు 1998 నాటి పర్యావరణ నేరాల చట్టంలో, మంట పుట్టించగల బెలూన్లను వదలడం ఒక్కటే కాక తయారు చేయడం, అమ్మడం, రవాణా చేయడం కూడా నేరంగా రాసి, ఒకటి నుంచి మూడేళ్ల వరకు శిక్ష పెట్టారు. జూన్ పండుగల్లో అక్కడ తరతరాలుగా బెలూన్లు వదిలే అలవాటు ఉన్నా ఆ చట్టం చేశారు.

సమాధానం: గాలిపటాల వీధి

అధికారి గారి మాట చదివాక ఒక చిన్న అనుమానం. అమ్మకం మీద నిషేధం ఉన్న వస్తువు మన దగ్గర ఇప్పటికే ఒకటుంది కదా. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, తెలంగాణలో అంతకు ముందే ఉత్తర్వు ఉంది. అయినా 2024 సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ లంగర్ హౌస్ ఫ్లైఓవర్ మీద స్కూటర్‌పై వెళుతున్న ఒక సైనికుడి ప్రాణం ఆ దారమే తీసింది. మా వీధిలో అడిగే పద్ధతిలో అడిగితే ఇప్పటికీ దొరుకుతుంది. లాంతర్లకు మాత్రం వేరే గతి పడుతుందని ఎలా అనుకోగలం?

సమాధానం: విశ్రాంత అగ్నిమాపక అధికారి

మంచి ప్రశ్న. మాంజాను రహస్యంగా కొనేవాడికి పక్కవాడి పటం తెగ్గొట్టాలన్న పట్టుదల ఉంది, ఆ పని మామూలు దారంతో అంత బాగా కాదు. కొన్నాక దాన్ని జేబులో పెట్టుకొని మేడ ఎక్కవచ్చు. లాంతరు వాడేవారికి అలాంటి పట్టుదల ఏమీ లేదు, దాన్ని దాచుకొని వాడటమూ కుదరదు. రెండు వందల మంది ఎదుట, వీడియో తీయించుకుంటూ వదిలే వస్తువు అది. నిషిద్ధమని తెలిస్తే ఫంక్షన్ హాలు యజమాని తన లైసెన్సు గురించి భయపడతాడు, అలంకరణ చేసేవారు ఇంకొకటి చూసుకుంటారు. మాంజాను ఆపడం కన్నా ఇది చాలా తేలిక అని నా నమ్మకం. డిసెంబరు 31 రాత్రి మేడల మీద ఒకటీ అరా వదిలేవారు మిగిలిపోతారు, అది వేరే సంగతి.

సమాధానం: పశువైద్యుడు

తీగ గురించి ప్రశ్నలో ప్రస్తావన ఉంది కాబట్టి రాస్తున్నాను. ఆవులు, గేదెలు మేకల్లాగా ఏరుకొని తినవు. నాలుకతో చుట్టి లాక్కొని, పెద్దగా నమలకుండా మింగి, తరువాత నెమరు వేస్తాయి. అందువల్ల గడ్డిలో ఉన్న తీగ ముక్క నేరుగా కడుపులోకి పోయి, బరువుగా ఉంటుంది కాబట్టి రెండో పొట్టలో అడుగున చేరుతుంది. ఆ పొట్టకు, గుండెకు మధ్య దూరం చాలా తక్కువ. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటూ, కొన్ని పశువుల్లో గుండె పొర వరకు వెళుతుంది. మేత మానడం, వీపు వంచి నిలబడటం, పల్లం దిగేటప్పుడు మూలగడం దీని లక్షణాలు. గుండె పొర దాకా వెళ్లాక ఆ పశువును దక్కించుకోవడం చాలా కష్టం. తీగ పొడవుగా ఉన్నప్పుడు కన్నా, చాఫ్ కట్టర్‌లో పడి రెండంగుళాల ముక్కలయ్యాక ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు అది రైతు కంటికీ కనబడదు, పశువు నాలుకకూ తెలియదు. ఇప్పుడు గడ్డిని యంత్రంతో కట్టలు కట్టించేవారు పెరిగారు, చేలో పడిన చట్రం కట్టలోకి పోతే ఆ గడ్డి ఏ జిల్లాలో ఎవరి గేదె తింటుందో చెప్పలేం.

అయితే ఒక మాట. నేను ఆపరేషన్లలో పశువుల కడుపులోంచి తీసిన ఇనుములో అధికభాగం ఇళ్లు కట్టేచోట పారేసిన బైండింగ్ వైరు, మేకులు, కుట్టు సూదులు. ఇది లాంతరు తీగ అని గుర్తుపట్టి తీసినది ఒక్కటీ లేదు. లేదు కాబట్టి ప్రమాదం లేదని కాదు, కానీ కార్డిఫ్ వాసి గారు చెప్పిన నివేదిక మాటలో నాకు ఆశ్చర్యం కలగలేదు. మీరు అర్జీ రాస్తే నిప్పును ముందు పెట్టండి. పశువుల మాట ముందు పెడితే, ఎన్ని పశువులు చనిపోయాయో లెక్క చూపమని అడుగుతారు, మీ దగ్గర లెక్క ఉండదు, అర్జీ అక్కడే ఆగిపోతుంది. ఈలోగా చేలో దొరికిన చట్రాలను కోతకు ముందే ఏరి పక్కన పెట్టుకోవడం, చాఫ్ కట్టర్ తొట్టి దగ్గర ఒక అయస్కాంతం కట్టుకోవడం మీ చేతిలో ఉన్న పని.

సమాధానం: తైపే నుంచి

నేను తైవాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నిషేధమే ఏకైక మార్గమన్న ధోరణి కనిపిస్తోంది కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను. తైపేకు తూర్పున పింగ్‌సీ అనే కొండల లోయ ఉంది. లాంతర్లు వదలడం అక్కడ పాత ఆచారం. పూర్వం దొంగల భయంతో కొండల్లోకి పారిపోయిన వారికి, ఊరు క్షేమంగా ఉంది తిరిగి రండని తెలపడానికి వీటిని వదిలేవారని చెబుతారు. ఇప్పుడు పెద్ద పండుగగా జరుపుతున్నారు. వదలడం ఆ లోయకే పరిమితం, బయట వదలకూడదు. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు వాన పడుతుంది, కొండలు ఎప్పుడూ తడిగా ఉంటాయి. పడిన లాంతర్లను ఏరి తెచ్చిన స్థానికులకు ప్రతిఫలం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇలా ఒక చోటును కేటాయించి, వేడుకను, బాధ్యతను కలిపి ఉంచవచ్చు కదా.

ఏరగా మిగిలినవి అడవిలో చెట్లకు వేలాడుతూ కనబడతాయన్నది కూడా నిజమే, దాచను.

సమాధానం: కార్తీక దీపం

చాలా చిన్న విషయం. ఈ లాంతర్లను మన దుకాణాల్లో "ఆకాశదీపాలు" అని రాసి అమ్ముతున్నారు. నిషేధం మాట ఎత్తగానే కొందరు ఇది సంప్రదాయం మీద దాడి అంటారేమోనని ముందే రాస్తున్నాను. కార్తీకమాసంలో శివాలయాల్లో ఎత్తే ఆకాశదీపానికి, దీనికి పేరు తప్ప సంబంధం లేదు. చిల్లులున్న చిన్న పాత్రలో ప్రమిద పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగి, చమురు అయిపోతే అదే తాడుతో దించి మళ్లీ పోస్తారు. మా తాతగారు నెల రోజులూ ఆ పని చేసేవారు. గాలి ఎక్కువగా ఉన్న సాయంత్రం తాడు పట్టుకొని గుడి అరుగు మీదే కూర్చునేవారు.

సమాధానం: డెల్టా రైతు

అందరికీ కృతజ్ఞతలు. తైపే నుంచి రాసిన వారికి మొదట జవాబు చెబుతాను. ఆ లోయ తడిసి ఉంటుందన్నారు, మా మాఘమాసం ఎండి ఉంటుంది. అక్కడ లాంతరు పడేది కొండ మీద, ఇక్కడ చేను తప్పితే ఇల్లు, ఇల్లు తప్పితే వాము. కిలోమీటరు ఖాళీ నేల చూపించండి అంటే మా మండలంలో కాలువ గట్టు తప్ప వేరే లేదు. కేటాయించడానికి చోటున్న వారికి ఆ పద్ధతి పనికిరావచ్చు.

అలంకరణ గారు చెప్పిన తీగ లేని లాంతరు వల్ల గేదెకు మేలు, పాకకు కాదు. గాలి లేని రోజే వదలాలన్న నిబంధన గురించి మా నాన్నగారిని అడిగాను. ఆ రాత్రి మా అరుగు మీద ఆకు కూడా కదలలేదని ఆయన గుర్తుచేశారు. పైన ఎలా ఉందో కింద ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి నా ప్రశ్నకు నాకు జవాబు దొరికింది, అమ్మకం మీదే నిషేధం అడగాలి. అది రాష్ట్ర ప్రభుత్వం చేయవలసిన పని కనుక సమయం పడుతుందని తెలుసు. అంతవరకు రెండు పనులు పెట్టుకున్నాను. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, వచ్చే మాఘం ముహూర్తాలకు ముందే 163వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వమని అర్జీ ఇస్తాను. పశువైద్యులు చెప్పినట్టు అందులో నిప్పు మాటే ముందుంటుంది. రెండోది మా గ్రామసభ తీర్మానం. ఫంక్షన్ హాలు బుకింగు కాగితంలోనే లాంతర్లు వదలరాదన్న షరతు చేర్చమని పంచాయతీ తరఫున కోరతాం. వరికొయ్యల మాట అన్న పెద్దాయన ఆ తీర్మానంలో కొయ్యలు తగలబెట్టరాదని కూడా రాస్తేనే సంతకం పెడతానంటున్నారు. ఆయన పట్టు న్యాయమైనదే, ఇద్దరు ముగ్గురు రైతులు ముఖం చిట్లించినా అది కూడా రాస్తున్నాం.

అధికారి గారూ, అర్జీ నమూనా ఒకటి మీరు రాసి పెట్టగలిగితే మేలు. చేలో దొరికిన ఐదు చట్రాలు, పాక మీద ఆర్పిన ఆరోది గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. అర్జీతో పాటు వాటిని తీసుకెళ్లవచ్చా, లేక ఫోటోలు సరిపోతాయా?

సమాధానం: విశ్రాంత అగ్నిమాపక అధికారి

నమూనా రేపటిలోగా రాసి ఇక్కడే పెడతాను. ఫోటోలు జతచేయండి, సంచి కూడా తీసుకెళ్లండి. కాలిన తాటాకు ముక్క ఏదైనా మిగిలి ఉంటే అది కూడా అందులో వేయండి.